కర్ర కొన నేల తాకితే

మా ఇంటి హాల్లో సీలింగు ఫ్యానుకు ఇప్పుడు రెండు రెక్కలే ఉన్నాయి. మూడోది ఏమైందని అడిగిన ప్రతి బంధువుకూ నేనొక కొత్త కథ చెబుతాను. అసలు జరిగింది ఇది. మా అమ్మాయి తయారుచేసిన వీడియో గేములో శత్రువు మీదికి నేను వెదురుకర్ర ఎత్తాను. శత్రువుకు ఏమీ కాలేదు. ఫ్యాను రెక్క మాత్రం ఊడి, నంద్యాల పట్టణం మీదుగా ఒక చుట్టు తిరిగి, మా ఆవిడ ఆరబెట్టిన వడియాల నడుమ వచ్చి పడింది. పట్టణం మీదుగా అన్నది ఎక్కువనిపిస్తే వీధి మీదుగా అనుకోండి. అదీ ఎక్కువైతే కిటికీలోంచి అనుకోండి. వడియాలు మాత్రం నిజం.

మా అమ్మాయి చేసే పనే గేములు తయారుచేయడం. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఒకరోజు కంప్యూటరును చంకన పెట్టుకుని నంద్యాలకు వచ్చేసి, మా వెనకగదిలో తలుపేసుకుంది. చుట్టాలు "పాప ఏం చేస్తాంది?" అని అడిగితే "ఆటలు" అంటాను. అది కాదప్పా, పనేం చేస్తాంది అంటారు. అదే పని అంటాను. అప్పుడు వాళ్లు నా వైపు చూసే చూపులోని జాలిని తూకం వేస్తే మార్కెట్ యార్డులో రెండు లారీలు చాలవు.

గేముల విషయంలో నేనూ తక్కువవాణ్ణి కాను. యాభై దాటిన వయసులో లుంగీ కట్టుకుని, సోఫాలో వాలి, ప్రపంచంలోని కఠినమైన గేములన్నీ ఆడుతుంటాను. ఒక్కో రాక్షసుడి చేతిలో లెక్కలేనన్నిసార్లు చచ్చి, చంపీ చంపీ వాడికే విసుగొచ్చేదాకా ఆడి, చివరికి గెలిచి, పక్కింటివాళ్లు గోడ తట్టేలా అరిచే రకం. ఇంత యుద్ధంలోనూ నా ఒంట్లో పనిచేసేవి రెండు బొటనవేళ్లే. మిగతా శరీరం యాగంటి బసవన్న మాదిరి ఉన్నచోటే ఉండి ఏటేటా పెరుగుతూ ఉంటుంది.

అందుకే తన గేములో బటన్లు ఉండవనీ, చేతిలో పట్టుకునే చిన్న పరికరాన్ని ఎటు తిప్పితే తెర మీది కర్ర అటు తిరుగుతుందనీ అమ్మాయి చెప్పినప్పుడు, జొన్నరొట్టె తుంచుతున్నవాణ్ణి ఆగిపోయాను. చేతులు ఊపే గేములు నాకు తెలియనివి కావు. పుట్టినరోజు పండగల్లో అందరూ కలిసి గెంతి, నవ్వి, కూల్‌డ్రింకు తాగి మరిచిపోయే వ్యవహారం అది. ప్రాణం మీదికొచ్చే గేములో రెప్పపాటులో పదోవంతు కూడా లెక్కలోకి వస్తుంది. వేలు నొక్కితే నొక్కినట్టే. చెయ్యి ఊపితే, అది ఊపో, దోమను తోలడమో మిషనుకు ఏం తెలుస్తుంది? ఇదంతా ఒక ఉపన్యాసంగా ఇచ్చాను. రొట్టె చల్లారింది. మా ఆవిడ రెండోది వేయడం మానేసింది.

అమ్మాయి అంతా విని ఒక్క మాట అడిగింది.

"నాయనా, నీవు గేములో సచ్చినప్పుడు ఎవర్ని తిడతావు?"

నన్ను నేనే తిట్టుకుంటానని చెప్పాను. అది నిజం. తప్పు నాదేనని తెలుస్తుంది కాబట్టే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక వస్తుంది. గేము దొంగాట ఆడిందని ఒక్కసారి అనుమానం వచ్చిందా, ఇక దాని ముఖం చూడను.

"చేత్తో ఆడే గేముల్లో అందరూ మిషన్నే తిడతాండారు," అంది. "తన్ను తానే తిట్టుకునేట్ల చెయ్యల్ల. అదే నా పని."

ఆ ఒక్క పనికి ఆమె వెనకగదిలో గడిపిన కాలంలో మా వీధిలో అపార్టుమెంట్లు లేచాయి, వాటికి పగుళ్లు వచ్చాయి, ఆ పగుళ్లకు మళ్లీ రంగులు కూడా వేశారు. చెయ్యి వణికితే ఒకటి, తిరిగితే ఒకటి, విసిరితే ఒకటిగా ఆ పరికరానికి తేడా తెలియజెప్పడానికి ఆమె పడ్డ పాటులో నాలుగోవంతు నేను నా పదో తరగతికి పడి ఉంటే ఈపాటికి ఏ జిల్లాకో కలెక్టరుగా ఉండేవాణ్ణి.

గేము కథ సులువు. కర్రసాము. ఊరూరా తిరుగుతూ ఒక్కొక్కరితో తలపడి, ఆఖరున ఒక ఉస్తాదు ముందు నిలబడతాం. ఆ తెర ఉస్తాదు కదలికలన్నీ మా అమ్మాయి ఆళ్లగడ్డలో ఉండే నా స్నేహితుడి ఒంటినుంచి తీసుకుంది. అతని చేతులకూ నడుముకూ పరికరాలు కట్టి, అతను కర్ర తిప్పుతుంటే ఆ తిప్పుడంతా కంప్యూటరులోకి ఎక్కించింది.

ఆ స్నేహితుడికి, అంటే మా అసలు ఉస్తాదుకు, ఆళ్లగడ్డలో పరుపుల దుకాణం ఉంది. కర్రసాము నేర్పే చోటును అక్కడ తాలీం అంటారు. పీర్ల పండగకు ముందు అందులో ఊరి కుర్రాళ్లకు కర్ర పట్టడం నేర్పుతాడు. అంతకుముందు వాళ్ల నాయన నేర్పేవాడు. మనిషికి తన మీద తనకున్న మమకారం ఇంతా అంతా కాదు. రంగేసిన అతని మీసం, బస్సు ఆళ్లగడ్డ స్టాండులో ఆగకముందే కిటికీలోంచి కనిపిస్తుంది. ఇక వ్యాపారం సంగతి. కిందటేటి దూదిని ఈ యేటి గలీబులో కూరి, పొద్దున్నే చెట్టు మీదనుంచి దిగిందని చెప్పి అమ్మగలడు. నాకూ అమ్మాడు. ఆ పరుపు మీద వెల్లకిలా పడుకుంటే నల్లమల కొండలు ఒకటొకటిగా వీపుకు తగులుతాయి.

గేమును విడుదల చేయడానికి హైదరాబాదులో ఒక కంపెనీ ముందుకొచ్చింది. అక్కడ నిర్ణయం తీసుకునే సారు మర్యాదస్థుడు. ఆయనకు గేము నచ్చింది, చేత్తో ఆడడం నచ్చలేదు. కష్టమైన గేములు ఆడేవాళ్లు చేతులు ఊపరు, ఊపేవాళ్లు కష్టమైన గేములు ఆడరు అన్నాడు. పరీక్షించుకోవడానికి అమ్మాయి బటన్లతో చేసిన రకం ఒకటి ఉంది. దాన్నే విడుదల చేద్దాం, చేతి సంగతి పూర్తిగా తీసేద్దాం అన్నాడు. అమ్మాయి చాలా వాదించింది. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. ఆమె కాకుండా ఇంకొకరు, వీడియోకాల్లో తన కళ్లముందు, కష్టం ఏ మాత్రం తగ్గించకుండా, చేత్తో ఆడి ఆఖరి ఉస్తాదును ఓడించాలి. మూడు అవకాశాలు. గెలిస్తే చెయ్యి ఉంటుంది. గెలవకపోతే బటన్లు.

ఆ మాట విన్న రోజు అమ్మాయి అన్నం తినలేదు. బటన్ల రకాన్ని నేను అప్పటికే ఆడి గెలిచి ఉన్నాను కాబట్టి, ఆ ఇంకొకరు నేనే అవుతానని ముందుకు దూకాను. అలా దూకిన రోజునే ఫ్యాను రెక్క పోయింది, ఆ ఇంకొకరు మా ఉస్తాదేనని తేలింది. మరుసటి ఆదివారం ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం.

బస్సులో ఆమె ఆ పరికరాన్ని తువ్వాలులో చుట్టి బాలింత బిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది. శిరివెళ్ళ దాటేదాకా ఆ తువ్వాలు మడతలే సర్దుతూ కూర్చుంది. నేను ఒకటి రెండు హాస్యాలు ఆడాను. వెనక సీటులోని పెద్దాయన నవ్వాడుగానీ ఆమె నవ్వలేదు. బటన్ల రకం కూడా బాగానే ఉంది కదమ్మా అని, ఓదార్పు అనుకుని అన్నాను. నావైపు తిరిగి చూసింది. ఆ చూపుకు బస్సు స్పీడు తగ్గింది. ఇంకో ఊరు వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

దుకాణం వెనక గోడౌనులో మా ఉస్తాదు అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. దూదిమూటలను గోడలకు జరిపాడు. మీసానికి కొత్తగా రంగేశాడు. హైదరాబాదోళ్లు సూస్తాండారు కదా అని కొత్త బనీను వేసుకున్నాడు. చిన్న చిన్న శత్రువులతో అతను ఇదివరకు ఆడి ఉన్నాడు. తన కదలికలతో చేసిన ఆఖరివాణ్ణి మాత్రం పూర్తయ్యాకే చూపిస్తానని అమ్మాయి దాచి ఉంచింది. పరికరాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ప్రతిసారీ అనే మాటే అన్నాడు.

"ఇదేందమ్మా, దువ్వెన మాదిరి ఉండాది. దీన్ని పట్టుకుంటే నాకు చెయ్యే లేసేటట్ల లేదు."

ఎప్పటి మాదిరే తన వెదురుకర్రకు దాన్ని సైకిల్ ట్యూబుతో బిగించి కట్టాడు. కట్టు వదులైతే తెర మీద కర్ర వంకర పోతుంది. అమ్మాయి ఆ కట్టును గోటితో గిల్లి గిల్లి చూసింది. టీవీ ఒక మూట మీద, లాప్‌టాప్ ఇంకో మూట మీద. లాప్‌టాపులో సారు ముఖం వచ్చింది. నమస్కారాలయ్యాయి. ఆడేవాడికి పక్కనుంచి ఎవరూ ఏమీ చెప్పకూడదని సారు మర్యాదగా గుర్తుచేశాడు. నన్నే చూసి చెప్పాడనిపించింది.

మొదటి ఆట మొదలైంది. తెర మీద తాలీం ప్రాంగణం, చుట్టూ జనం, తప్పెట్ల మోత. తెర ఉస్తాదు నడిచి వచ్చాడు. మీసంతో సహా మా ఉస్తాదే. మా ఉస్తాదు ముఖం వెలిగిపోయింది. అలవాటుగా ముందుకు వంగి, కర్రను నేలమీద పెట్టి, మట్టిని తాకి కళ్లకద్దుకుని, కర్రకు సలాం చేశాడు.

తెర ఉస్తాదుకు అంత తీరిక లేదు. మావాడు వంగి ఉండగానే వచ్చి కొట్టాడు. లేవబోతుంటే ఇంకోటి కొట్టాడు. కర్ర చేతికి వచ్చేసరికి అంతా అయిపోయింది. నా జీవితంలో ఒకరి సలాము ఇంత ఖరీదైనది కావడం చూడడం అదే మొదటిసారి.

సారు నొచ్చుకున్నాడు. దీన్ని లెక్కలోంచి తీసేద్దామా అని అడిగాడు. అమ్మాయి అవునంటే సరిపోయేది. నేను ఆమె కాలు తొక్కాను కూడా.

"లేదు సార్. గేము మొదలైంది. అది లెక్కే," అంది.

మా ఉస్తాదు, సలాం చెయ్యనీకుండా కొట్టేటోడు యాడి మనిషి అని మీసంలోపల గొణిగాడు.

రెండో ఆటకు సలాము ముందే ముగించుకుని నిలబడ్డాడు. అప్పుడు చూశాను నేను. ఆ కర్ర తిరుగుతుంటే కర్ర కనిపించలేదు, ఒక బూడిదరంగు చక్రం కనిపించింది. ఆ గాలికి మూటల్లోంచి దూది లేచి గోడౌనంతా తేలింది. తెర మీద కర్ర ఒక్క వెంట్రుకవాసి కూడా వెనకబడలేదు. ఎదుటివాడు ఎత్తకముందే మావాడు అడ్డం పెడుతున్నాడు. వాడు ఏం చేస్తాడో తెలియకపోవడానికి వాడు వేరేవాడు కాదు కదా. అది మా నాయన దెబ్బ, అని ఒకచోట తనలో తను అన్నాడు. లాప్‌టాపులో సారు కుర్చీలో ముందుకు జరిగాడు. నేను ఊపిరి పీలిస్తే ముక్కులోకి దూది వచ్చింది.

అలా కొట్టుకుని కొట్టుకుని తెర ఉస్తాదు అలిసిపోయాడు. రొప్పుతూ కర్ర కిందికి వాల్చాడు. కర్ర కొన నేల తాకింది.

ఆ చోటు నాకు బాగా తెలుసు. అమ్మాయి ఆడేవాడికి ఇచ్చిన సందు అదొక్కటే. బటన్లతో ఆడినప్పుడు సరిగ్గా అక్కడే, వాడు వంగిన ప్రతిసారీ, రాత్రి తిన్న రొట్టెలన్నీ బొటనవేలిలోకి తెచ్చుకుని బాదేవాణ్ణి. మూడు నాలుగు సందులు అందుకుంటే వాడి పని అయిపోయినట్టే. అమ్మాయి పెదవులు చప్పుడు లేకుండా కొట్టు, కొట్టు అంటున్నాయి.

మా ఉస్తాదు కొట్టలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, కర్రను భుజానికి ఆనించి నిలబడ్డాడు.

తెర ఉస్తాదు ఊపిరి తీసుకుని కర్ర ఎత్తి, కిందినుంచి పైకి ఒక్కటి ఇచ్చాడు. మావాడి ప్రాణం సగం పోయింది. మళ్లీ పోరు, మళ్లీ వాడు అలిసిపోవడం, కర్ర దించడం, మావాడు వెనక్కి తగ్గడం, వాడు కొట్టడం. మూడోసారికి మావాడు కిందపడ్డాడు. తప్పెట్లు ఆగిపోయాయి.

గోడౌనులో దూది మెల్లగా కిందికి దిగుతోంది. సారు గొంతు సవరించుకున్నాడు. ఆయన మాటలో గెలుపు లేదు, జాలే ఉంది. "చూశారా అమ్మా, నేను భయపడింది ఇదే. అంత మంచి అవకాశం వచ్చింది, ఆయన కొట్టారు, మిషను అందుకోలేదు. డబ్బు పెట్టి కొన్నవాడైతే ఈపాటికి దాన్ని గోడకేసి కొట్టి ఉండేవాడు."

అమ్మాయి లాప్‌టాపులో ఇంకో కిటికీ తెరిచి సారుకు చూపించింది. మావాడి చెయ్యి కదిలిన తీరంతా అందులో గీతగా ఉంది. కొండలూ లోయలూ మాదిరి పోతున్న గీత, తెర ఉస్తాదు కర్ర దించిన ప్రతిచోటా చెరువు నీళ్ల మాదిరి సమంగా ఆగి ఉంది.

"మిషను అందుకుంది సార్," అంది. "చెయ్యి కదల్లేదు. కదల్లేదని సరిగ్గా రాసింది."

మరి ఎందుకు కొట్టలేదని సారు మావాణ్ణే అడిగాడు. మావాడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కర్ర కొన నేలకు తాకితే మన కర్ర ఆగల్ల సారు. తాలీములో మొదటి దినం నేర్పేది అదే. కొట్టేది ఆ తరవాత నేర్పుతాం."

అని, అమ్మాయి వైపు తిరిగాడు. అంతసేపూ అణచుకున్న కోపం అప్పుడు బయటికొచ్చింది. గొంతు పెరగలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"నా ఒంట్లోంచి తీస్కపోయి, కర్ర దించి మళ్లా ఎత్తి కొట్టేటోన్ని చేసినావు కదమ్మా. దించినాడంటే సాలించుకున్నట్ల. మా పిల్లోళ్లు ఈ ఆట సూస్తే, ఉస్తాదే ఇట్ల చేస్తాండాడు అనుకోరా?"

సైకిల్ ట్యూబు విప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. అమ్మాయి దాన్నే చూస్తోంది. ఇంకా ఒక ఆట మిగిలి ఉంది, ఆడేవాడు లేడు.

"అది నీది కాదు చిన్నాయనా. నేనే పెట్టినా," అంది. "ఆడేటోనికి ఒక సందు ఉండల్ల కదా అని పెట్టినా. మేము పండగ ఎప్పుడూ మిద్దె మీద నుంచే సూసినోళ్లం. కర్ర దించేదానికి అంత అర్థముందని నాకు తెలీదు."

ట్యూబు విప్పే చెయ్యి నెమ్మదించిందిగానీ ఆగలేదు. ఇక నేను మధ్యలోకి దిగక తప్పలేదు. ఒక్కసారి కొట్టెయ్యప్పా అన్నాను. వాడు మనిషి కాదు, బొమ్మ. పైగా నీవన్నట్టు మాట తప్పేటోడు, దొంగ.

"ఆడు దొంగైతే నేను గూడ దొంగనయ్యేదా?"

మరి నాకు అమ్మిన పరుపు సంగతి ఏమిటని అడిగాను.

"అది యాపారమన్నా," అన్నాడు, ఏ మాత్రం తడుముకోకుండా. "ఇది కర్ర."

అప్పుడు నా చేతనైన ఒకే ఒక్క విద్య వాడాను. చెప్పులు వేసుకుంటూ, అమ్మాయితో అన్నట్టుగా, పోదాం పా తల్లీ, ఎంతైనా ఆ తెర మీదోడు మన చిన్నాయన కంటే బాగా తిప్పుతాండాడు, వయసు మీద పడినాక ఎవరైనా ఇంతే అన్నాను.

ట్యూబు విప్పే చెయ్యి ఆగింది. మీసం నావైపు తిరిగింది. అటు తరవాత ఒక్కో చుట్టూ మళ్లీ బిగిసింది, ముందుకంటే గట్టిగా.

మూడో ఆట మొదలయ్యేముందు అమ్మాయి నా చెవిలో చెప్పింది. ఆ సందులో కొట్టకపోతే గెలవడానికి ఇంకొక్క దారే ఉంది. కర్ర ఎత్తేటప్పుడు వాడు కిందినుంచి వేసే ఆ దెబ్బకు, తగిన క్షణంలో, తగిన వాలులో కర్ర అడ్డం పెడితే, వాడి బలమంతా తిరిగి వాడికే తగులుతుంది. పెట్టిందీ ఆమే, ఒక్కసారి కూడా చెయ్యలేకపోయిందీ ఆమే. బటన్ల రకంలో ఆ దారే లేదు. బటను నొక్కగలంగానీ దాన్ని వాల్చలేం.

నియమం ప్రకారం ఈ మాట మా ఉస్తాదుకు చెప్పకూడదు. చెప్పలేదు.

సలాం, లేవడం, పోరు. తెర ఉస్తాదు అలిసి కర్ర దించాడు. మావాడు వెనక్కి తగ్గి, తన కర్ర అడుగుతో నేలను రెండుసార్లు తట్టాడు. తాలీములో దానికి అర్థం, లెయ్, ఎత్తు అని. తెర ఉస్తాదుకు అది తెలియదు, అయినా ఎత్తాడు. దెబ్బ వచ్చింది. మావాడు కర్ర అడ్డం పెట్టాడు. కొంచెం ఆలస్యమైంది. ప్రాణంలో పెద్ద ముక్క ఎగిరిపోయింది. అమ్మాయి నా ముంజేతిని పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

రెండోసారి దించాడు. మావాడు తట్టాడు. దెబ్బ వచ్చింది. ఈసారి కర్రలు కలిసిన చప్పుడు వేరుగా ఉంది. టపామని కాదు, ఖంగుమని. తెర ఉస్తాదు తూలి నాలుగడుగులు వెనక్కి పోయాడు. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాప్‌టాపులో సారు ముఖం లేదు, నుదురు మాత్రమే ఉంది, అంత దగ్గరికి వచ్చేశాడు.

మావాడి భుజం అలిసిందని తెలుస్తూనే ఉంది. కర్ర చక్రం పోయి, ఇప్పుడు కర్రే కనిపిస్తోంది. చెమటకు దూది అంటుకుని మీసం పూర్తిగా తెల్లబడింది. వేసిన రంగంతా దండగ. ఒక దెబ్బ తిన్నాడు, ఒకటి ఇచ్చాడు, ఇంకోటి తిన్నాడు. తెర మీద ఇద్దరి ప్రాణాలూ అగ్గిపుల్లంత మిగిలాయి. ఇక ఎవరికి తగిలినా అయిపోతుంది.

అప్పుడు తెర ఉస్తాదు కర్ర దించాడు.

కొన నేల తాకింది. మావాడి కర్ర తగిలితే చాలు, ముద్దుగా తాకించినా చాలు, వాడు పడిపోతాడు. మా అమ్మాయి వెనకగదిలో గడిపిన కాలమంతా ఆ కొసలో ఉంది. నాకు తెలిసిన దేవుళ్లందరికీ, మా ఉస్తాదు దేవుడికి కూడా, ఒకేసారి మొక్కాను, ఈ ఒక్కసారికి వీడి చేత కొట్టించమని.

మా ఉస్తాదు ఒక అడుగు వెనక్కి వేశాడు. నేలను తట్టాడు. ఇంకోసారి తట్టాడు.

దెబ్బ లేచింది. అతను కర్రను పక్కకు, కొంచెమే, చాటలో బియ్యం జరిపినట్టు వాల్చాడు. ఖంగుమంది. తెర ఉస్తాదు మోకాళ్ల మీదికి వచ్చి, పక్కకు ఒరిగి, పడిపోయాడు. తప్పెట్లు ఒక్కసారిగా మోగాయి.

మా ఉస్తాదు దూదిమూట మీద కూలబడ్డాడు. అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. దూది ముక్కులోకి పోయిందని తరవాత చెప్పింది. సారు, ఆ వాలు బటన్ల రకంలో పెట్టలేమా అని అడిగాడు. పెట్టలేమని చెప్పింది. ఇది అందరి చేతా కాదు కదమ్మా అన్నాడు. కష్టమైన గేము అంటే అదే కదా సార్ అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే. చెయ్యి ఉండనివ్వండి," అన్నాడు. తరవాత, కొంచెం సిగ్గుపడుతూ, "నాకూ ఒక కర్ర పంపించండి. ఆ ట్యూబుతో సహా."

కాల్ ముగిశాక మా ఉస్తాదు తన షరతు చెప్పాడు. తన మీసం పెట్టుకున్నవాడు దించిన కర్రను మోసంతో ఎత్తకూడదు. అమ్మాయి అక్కడే, మూట మీద కూర్చుని, ఏం మార్చాలో చెప్పింది. ఆడేవాడు సలాం చేసి లేచేదాకా వాడు ఆగుతాడు. కర్ర దించాక, మనం నేల తట్టేదాకా ఎత్తడు. దించినప్పుడు కొట్టాలనుకున్నవాడు కొట్టవచ్చు, గెలవవచ్చు కూడా. కానీ ఆ దెబ్బతో తప్పెట్లు ఆగిపోతాయి, జనం లేచి వెళ్లిపోతారు, ఖాళీ ప్రాంగణంలో ఒక్కడే గెలిచి నిలబడాలి. మా ఉస్తాదు అట్లయితే సరే అన్నాడు. తిరుగు ప్రయాణంలో మాకు ఒక కొత్త పరుపు అంటగట్టాడు, బహుమానమని చెప్పి. విప్పి చూడలేదు. బహుమానాన్ని విప్పకూడదని మా ఆవిడ, నా వీపు ఒప్పుకోదని నేను.

కొన్ని వారాల తరవాత, మార్చిన గేము సిద్ధమయ్యాక, ఇంట్లో ఎవరూ లేరనుకుని కర్ర తీసుకున్నాను. ఫ్యాను ఆపేశాను, మిగిలిన రెండు రెక్కలమీదా నాకు గౌరవం ఉంది. ఎన్నిసార్లు చచ్చానో చెప్పను. ఎట్లాగో ఒకసారి వాణ్ణి అలిసిపోయేదాకా తెచ్చాను. వాడు రొప్పాడు. కర్ర దించాడు.

బటన్లతో అక్కడ వాణ్ణి ఎన్నిసార్లు బాదానో నాకే తెలుసు. కర్ర ఎత్తాను కూడా. నేను జన్మలో తాలీములోకి అడుగుపెట్టినవాణ్ణి కాదు, మిద్దె మీద నిలబడి బొరుగులు తింటూ చూసినవాణ్ణి. చెయ్యి పైకి లేచి, అక్కడే ఉండిపోయింది. తెర మీద తప్పెట్లు మోగుతూనే ఉన్నాయి. వాడు తల వంచుకుని నా కోసం ఎదురుచూస్తున్నాడు.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది.

"ఏంది అట్ల నిలబడినావు? కరెంటు పోయిందా?"

లేదన్నాను. కర్ర దించి, దాని అడుగుతో నేలను రెండుసార్లు తట్టాను. వాడు తలెత్తి, కర్ర ఎత్తి, నేను వాలు అనుకున్నదాన్ని వాలే కాదని తేల్చి, ఒక్క దెబ్బకు పడగొట్టాడు.

నోరారా తిట్టాను. మా ఆవిడ టీవీనా అని అడిగింది. కాదు, నన్నే అని చెప్పి, మళ్లీ సలాం చేయడానికి వంగాను.